కర్మణి వాక్యం

పెంచలరత్నం మా డెస్కుకి వచ్చిన మొదటి రోజు
చెప్పులు గుమ్మం బయటే విడిచింది.
ఆఫీసమ్మా, గుడి కాదు, అన్నాను.
మా వీధిలో మోకాళ్ళ దాకా నీళ్ళు సార్,
అవి మీ నేల మీదికెందుకు, అంది.

బేసిన్ బ్రిడ్జి వెనకాల ఇల్లు.
ముత్తాత నెల్లూరు నుంచి కార్పొరేషన్ చీపురు పట్టడానికి వచ్చాడు.
అమ్మ ఇంకా తెల్లారగట్ల నాలుగింటికి హాజరు వేయించుకుంటుంది.
ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం,
కోపం వస్తే రెండూ.

మద్రాసు ఎడిషన్‌కి మాకున్నవి మూడు పేజీలు.
సంఘాల సన్మానాలు, సంతాప సభలు, ఉగాది పచ్చడి పంపిణీ.
వాటి మధ్యకి ఆమె ఒక మ్యాన్‌హోల్ తెచ్చింది.
కొండయ్య, నలభై ఒకటి.
ఓటేరి దగ్గర లోపలికి దిగి పైకి రాలేదు.
పదకొండు లైన్లు ఇచ్చాం.

పొద్దున్నే పేపరు చుట్టి నా బల్ల మీద కొట్టింది.
"కొండని కుండ చేశారు సార్."
నిజమే, కుండయ్య అని పడింది.
అచ్చుతప్పు, రేపు సవరణ వేద్దాం అన్నాను.
"మరి ఇదో? 'దింపబడ్డాడు' అట.
ఎవరు దింపారో రాశాను కదా,
కాంట్రాక్టరు పేరు, ఇంజనీరు పేరు, ఇంటిపేర్లతో సహా."

స్థలం చాల్లేదమ్మా.
చాలనప్పుడు ముందు కర్తని తీసెయ్యాలి,
తెలుగు వాక్యం కర్త లేకపోయినా నిలబడుతుంది.
ఇరవై ఆరేళ్ళ అనుభవం ఒక్క ముక్కలో చెప్పేసి
టీకి కిందికి దిగాను.

ఆ తర్వాత ఉద్యోగం మానేసిందో, మాన్పించబడిందో
(చూశారా, మళ్ళీ అదే),
కార్పొరేషన్ ఎన్నికల్లో ఇండిపెండెంటుగా నిలబడింది.
గొడుగు గుర్తు.
ఓటు యంత్రం మీద పెంజల రత్తినం అయింది.
దానికీ సవరణ అడుగుతుందనుకున్నా, నవ్వి ఊరుకుంది.
రిపోర్టింగ్ నాటి నోటుబుక్కు పట్టుకుని గుమ్మం గుమ్మానికీ వెళ్ళి
ఎవరి వీధికి నీళ్ళ లారీ ఎన్నాళ్ళకి వచ్చిందో
తారీఖులతో చదివేది.
అదే ప్రసంగం.

నూట పంతొమ్మిది ఓట్లు.
మర్నాడు కూతురు గెలిచిన పటాసుల కాగితం
ఊడ్చింది వాళ్ళమ్మే. డ్యూటీ.

ఏడో నెలలో గొడుగు మడిచి
పెద్ద పందిరి కిందికి వెళ్ళింది.
తప్పనను. గొడుగుకి తారురోడ్డు ఎవరిస్తారు?
రోడ్డు వచ్చింది కూడా, రెండు వీధులకి.
కొత్త దీపాలు పద్నాలుగు అన్నారు.
పాత అలవాటు కొద్దీ వెళ్ళి లెక్కపెట్టాను,
పదమూడు.

మొన్న ఐప్పసి వానల్లో, రాత్రి పదకొండున్నరకి,
ఫోన్లో ఒక ప్రెస్‌నోట్.
"సార్, తెలుగులో కూడా ఇస్తున్నాం.
ఒక్కసారి తప్పులు చూడండి."

ఆమె వార్డే. వాననీటి కాలవ.
చెంచురామయ్య, ఇరవై తొమ్మిది.
పేరులో ఒక్క ఒత్తు పోలేదు.
తండ్రి పేరు, ఊరు, పిల్లలెందరు, అన్నీ ఉన్నాయి.
కాలవలోకి దింపబడ్డాడు.
విచారణ చేపట్టబడినది.
పరిహారం అందజేయబడును.

ఎర్రసిరా పెన్ను కోసం జేబు తడుముకున్నాను.
ఫోనుకి మార్జిను ఉండదు కదా,
కిందే టైపు చేశాను: కర్త?

రెండు నీలం టిక్కులు.
ఏదో టైపు చేస్తోంది. ఆగింది.
మళ్ళీ చేస్తోంది.
ఈలోగా కళ్ళజోడు రెండుసార్లు తుడిచాను.
బయట మా వీధి కాలవ మూత
నీళ్ళకి లేచి లేచి పడుతోంది, డబ్ డబ్ మని.

"స్థలం చాల్లేదు సార్."

అంతే వచ్చింది.
ఎత్తిపొడుపో, ఏడుపో,
తెర మీది అక్షరాలకి గొంతు ఉండదు.
చాలాసేపు చూశాను.
మూడో లైన్లో ఒక కామా ఎక్కువైంది, తీసేశాను.
అచ్చుతప్పులు లేవు, అని రాసి
పంపాను.